డబ్బా మీద 1600 ఎక్స్, కొలిస్తే వెంట్రుక 7 మైక్రాన్లు: లెక్క ఎక్కడ తప్పుతున్నట్టు?

బయాలజీ_మేడమ్ (మిర్యాలగూడ) | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మిర్యాలగూడ దగ్గర ఒక సర్కారు హైస్కూల్ల బయాలజీ చెప్త. బడిల ఉన్న పాత మైక్రోస్కోప్‌కు కింది అద్దం పగిలింది, స్క్రూ వదిలితే ట్యూబు దానంతట అదే జారి కిందికొస్తది. రెండు స్లైడ్లు పగిలినంక బీరువాల పెట్టేసిన. పోయిన నెల నా పైసలతోనే ఆన్‌లైన్ల ఒక యూఎస్‌బీ మైక్రోస్కోప్ తెప్పించిన. డబ్బా మీద ఇంత పెద్ద అక్షరాలతోని 1600 ఎక్స్ అని ఉంది.

ఉల్లిపొర పెట్టి చూపిస్తే పోరగాళ్లు మస్తు సంబరపడ్డరు. అంతల ఒక పిల్ల లేచి "మేడమ్, గా ఒక్క గడి నిజంగ ఎంత పొడుగుంటది?" అని అడిగింది. పుస్తకంల బొమ్మ ఉంది గని కొలత లేదు. ముందుగాల తెలిసినదాన్ని కొలుద్దామని ఆ పిల్ల వెంట్రుకే పెట్టిన. ల్యాప్‌టాప్ తెర మీద స్కేలు ఆనించి కొలిస్తే 11 మి.మీ. లావుంది. 11ను 1600తో భాగిస్తే 0.0069 మి.మీ., అంటే 7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.ల వెయ్యో వంతు). ఎర్ర రక్తకణమే 7, 8 మైక్రాన్లు ఉంటదని నేనే పాఠం చెప్పిన!

సరే అని క్లాసుల ఉన్న పెద్ద తెరకు కలిపిన. అదే వెంట్రుక, మైక్రోస్కోప్ కదపలేదు. ఈసారి 53 మి.మీ. వచ్చింది, లెక్క గడితే 33 మైక్రాన్లు. వెనుక బెంచీల నుంచి ఒకడు "మేడమ్, టీవీల పెట్టంగనే వెంట్రుక బలిసింది" అన్నడు. క్లాసంతా నవ్వు. నేనూ నవ్విన గని జవాబు తెల్వలే. ఎవరన్న చెప్తరా?

గద్వాల్_ఇంజనీర్ | ఆదివారం రాత్రి 9:40

మేడమ్, నా దగ్గర 1000 ఎక్స్‌ది ఉంది, మంచిగనే పనిచేస్తుంది. కంపెనీ వాళ్లు ఊరికే రాయరు కదా. మీరు వెంట్రుకకు సరిగా ఫోకస్ చేసి ఉండరు. లేదా ఆ పాప వెంట్రుకే సన్నం కావచ్చు.

పాలమూరు_ల్యాబ్ | ఆదివారం రాత్రి 9:58

7 మైక్రాన్ల వెంట్రుకనా! అట్ల ఉంటే దువ్వెన పెట్టంగనే గాలికి పోతది తమ్మీ 😀 మనిషి వెంట్రుక 50 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటది, కొంచెం అటూ ఇటూ. మేడమ్ లెక్కల ఏదో పెద్ద గండి ఉంది.

రిటైర్డ్_ఫిజిక్స్ (నల్గొండ) | ఆదివారం రాత్రి 10:31

మేడమ్ గారూ, మీరు చేసిన భాగహారం ఒప్పే. భాజకమే తప్పు. ఆ 1600ని ఇవాళ్టి నుంచి మరిచిపోండి.

మీ కెమెరాలో కంటితో చూసే ఐపీస్ లేదు. ఉన్నది ఒక చిన్న లెన్సు, దాని వెనక సెన్సార్. సెన్సార్ మీద పడ్డ బొమ్మను తెర తనకున్నంత వెడల్పులో పరుస్తుంది. ఫోన్‌లో చూస్తే ఒక రెట్టింపు, ల్యాప్‌టాప్‌లో ఇంకొకటి, పెద్ద తెర మీద మరొకటి. అలాంటి సామానుకు "ఇన్ని ఎక్స్" అని డబ్బా మీద ఒకే అంకె వేస్తే దానికి అర్థమే లేదు. ఏ సైజు తెర మీదనో చెప్పాలి కదా.

రేపు బడిలో ఇలా చేయండి. గీతలు చెక్కి ఉన్న స్టీలు స్కేలు ఒకటి తీసుకోండి, ప్లాస్టిక్‌ది వద్దు. వెంట్రుకను ఆ స్కేలు మీదే, మి.మీ. గీతల పక్కన టేపుతో అతికించండి. అప్పుడు స్కేలుకు, వెంట్రుకకు ఒకేసారి ఫోకస్ కుదురుతుంది. ఒక గీత నుంచి పక్క గీతకు తెర మీద ఎంత దూరం వచ్చిందో కొలవండి. అది 1 మి.మీ. అని మనకు ముందే తెలుసు కాబట్టి, ఎన్ని రెట్లు పెరిగిందో అక్కడే తేలిపోతుంది.

ఒక్క జాగ్రత్త. స్కేలు మీది గీత మన కంటికి సన్నగా ఉంటుంది కానీ ఆ లెన్సు కింద గడ్డపారంత కనబడుతుంది. గీత మధ్య నుంచి అని అందాజాగా కొలవకండి. ఈ గీత ఎడమ అంచు నుంచి ఆ గీత ఎడమ అంచుకు కొలవండి.

బయాలజీ_మేడమ్ | సోమవారం సాయంత్రం 5:20

సార్! మీరు చెప్పినట్టే చేసినం. గడ్డపార నిజమే, గీత ఒరుసుకుపోయి కాలువ గట్టు లెక్క కనిపించింది. ల్యాప్‌టాప్ మీద 1 మి.మీ. 15.5 సెం.మీ. అయ్యింది. అంటే 155 రెట్లు. 1600 ఏడుందో, 155 ఏడుందో!

11ను 155తో భాగిస్తే 0.071 మి.మీ. 71 మైక్రాన్లు.

మళ్ల పెద్ద తెర మీద చూసినం. 1 మి.మీ. 74.5 సెం.మీ. వచ్చింది, తెర మీద చెయ్యి చాపి ఇద్దరు పిల్లలు స్కేలు పట్టుకున్నరు. 53ను 745తో భాగిస్తే మళ్ల 0.071. తెర మారింది, వెంట్రుక మారలే. వెనుక బెంచీ వాడికి "చూడు, బలవలేదు" అని చెప్పిన.

గద్వాల్_ఇంజనీర్ | సోమవారం సాయంత్రం 6:05

155 మాత్రమేనా?! అంటే నేను కొన్న 1000 ఎక్స్...

పాలమూరు_ల్యాబ్ | సోమవారం సాయంత్రం 6:11

బాధపడకు తమ్మీ, స్కేలు పెట్టి చూసుకో. ఇంట్ల ఎవరూ లేనప్పుడు చూసుకో.

గద్వాల్_ఇంజనీర్ | సోమవారం రాత్రి 8:47

చూసుకున్నా. 120. ఇగ ఆ సంగతి ఎత్తొద్దు.

కానీ ఒక పనికొచ్చే మాట చెప్తా. తెర మీద స్కేలు ఆనించుడు ఎందుకు? ఫోటో తీసి పిక్సెల్స్ లెక్కపెట్టండి. ఇమేజ్‌జే అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో తయారైంది, ప్రపంచమంతా ల్యాబుల్లో అదే వాడతారు. స్కేలు గీతల మధ్య ఒక లైను గీసి "ఇది 1 మి.మీ." అని చెప్తే చాలు, ఆ తర్వాత ఏ లైను గీసినా మైక్రాన్లలోనే చూపిస్తది. నా ఫోటోల 1 మి.మీ.కు 614 పిక్సెల్స్ వచ్చినయి. అంటే ఒక పిక్సెల్ 1.6 మైక్రాన్లు. నా వెంట్రుక 50 పిక్సెల్స్, లెక్క గడితే 81 మైక్రాన్లు.

రిటైర్డ్_ఫిజిక్స్ | సోమవారం రాత్రి 9:15

బాగుంది బాబూ. కాకపోతే ఆ 81లో చివరి 1ని మరీ గట్టిగా నమ్మకు. వెంట్రుక అంచు ఎక్కడ మొదలైంది, ఎక్కడ అయిపోయింది అన్నది నువ్వు మౌస్‌తో ఎంచుకున్నదే. అటు ఒక పిక్సెల్, ఇటు ఒక పిక్సెల్ జరిగితే 3 మైక్రాన్లు పోయాయి. "80 దరిదాపు" అంటే నిజాయితీగా ఉంటుంది.

నీ లెక్కను వేరే దారిలో సరిచూసుకోవాలంటే లేజర్ లైటు తీసుకో, మైక్రోస్కోప్ అక్కర్లేదు. గది చీకటి చేసి, వెంట్రుకను లేజర్ మూతికి అడ్డంగా అతికించి, 2 మీటర్ల దూరంలో గోడ మీద వేయి. మధ్యలో వెలుగు, రెండు పక్కలా వెలుగు, చీకటి చారలు వరసగా వస్తాయి. కాంతి తరంగం పొడవును గోడ దూరంతో గుణించి, చీకటి చారల మధ్య ఎడంతో భాగిస్తే వెంట్రుక లావు వస్తుంది. వెంట్రుక ఎంత సన్నగా ఉంటే చారలు అంత దూరం దూరంగా పడతాయి. ఇక్కడే పిల్లలు తికమక పడతారు. ఎవరి కంట్లోనూ లేజర్ పడకుండా చూసుకో, నవ్వులాట కాదు.

గద్వాల్_ఇంజనీర్ | సోమవారం రాత్రి 11:52

హాస్టల్ రూంల చేసిన సార్, రూమ్మేట్ దుప్పటి కప్పుకొని తిట్టుకుంటూ పండుకున్నడు. ఎర్ర లేజర్, 650 నానోమీటర్లు అనుకున్నా. మధ్య నుంచి ఒక పక్కకు 5వ చీకటి చార దాకా 7.8 సెం.మీ. అంటే చారకు 1.56 సెం.మీ. లెక్క గడితే 83 మైక్రాన్లు!! మైక్రోస్కోప్‌ల 81. రెండూ పక్కపక్కనే వచ్చినయి సార్, ఇంజనీరింగ్ మూడేండ్లల ఇంత సంతోషం కాలేదు.

రిటైర్డ్_ఫిజిక్స్ | మంగళవారం ఉదయం 6:30

ఒకే చారను కొలవకుండా ఐదు కొలిచి భాగించావు చూడు, అది నాకు నచ్చింది. లేజర్ మీది స్టిక్కర్ చదువు, 630 నుంచి 680 అని ఉంటుంది. ఆ మాత్రం తేడాకే నీ 83 అటూ ఇటూ 3 జరుగుతుంది. కాబట్టి నీ 81, నీ 83 కొట్లాడుకోవట్లేదు.

మగ్గం_పోచంపల్లి | మంగళవారం ఉదయం 7:05

అందరికి దండాలు. నేను చదువుకున్నోణ్ణి కాదు, నేత పని. మీ ముచ్చట చదువుతుంటే మా పనే మతికొచ్చింది. మా దగ్గర పోగులు లెక్కవెట్టే అద్దం ఉంటది, మడతవెట్టుకునేది, అంగుళం గడి ఉంటది దాని కింద. బట్ట మీద పెట్టి సూది మొనతోని ఒక్కొక్క పోగు జరుపుకుంట లెక్కవెడతం, పడుగు ఎన్ని, పేక ఎన్ని అని. పెద్దగ కనవడుడు ఒక్కటే కాదు, ఆ అంగుళం గడి లేకుంటే అద్దంతోని ఏం ఫాయిదా?

ఒక సంగతి అడగాలె. పట్టుల పాలిస్టర్ కలిపి అమ్ముతున్నరు. కాల్చి చూస్తే తెలుస్తది, పట్టు వెంట్రుక కాలినట్టు వాసనొస్తది. గని కొన్న చీరను కాల్చలేం గద. మీ మైక్రోస్కోప్‌తోని తెలుస్తదా?

పాలమూరు_ల్యాబ్ | మంగళవారం మధ్యాహ్నం 1:40

తెలుస్తది అన్నా. అంచుల నుంచి ఒక్క పోగు పీకి, విప్పి, నీళ్ల చుక్కల పెట్టి మామూలు మైక్రోస్కోప్‌ల 40 ఆబ్జెక్టివ్ (స్లైడుకు దగ్గరుండే లెన్సు) కింద చూడు. పత్తి పోగు రిబ్బను మెలితిప్పినట్టు ఉంటది, మెలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తయి. పాలిస్టర్ గాజు కడ్డీ లెక్క ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే మందం. పట్టు కూడ నున్నగనే ఉంటది, అందుకే దానితోని మోసపోతరు. గని పట్టు పోగు లావు అక్కడక్కడ మారుతది, అడ్డంగ కోస్తే మూడు మూలల ఆకారం. పురుగు ఉమ్మిందాయె, మిషన్ల నుంచి వచ్చినంత సమంగ ఎట్లుంటది? ఆ పీకిన పోగునే కాల్చి వాసన చూసుడు మాత్రం వదలొద్దు, రెండూ కలిపి చూడు.

రిటైర్డ్_ఫిజిక్స్ | మంగళవారం మధ్యాహ్నం 2:25

పోచంపల్లి అన్న మాటకు ఇంకొంచెం కలుపుతాను. బ్యాక్టీరియాను మొట్టమొదట చూసిన లీవెన్‌హుక్ హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి. పోగులు లెక్కపెట్టే అద్దాలు ఆ వ్యాపారంలో మామూలే. గోలీ అంత కూడా లేని ఒక్క లెన్సును రేకుల మధ్య బిగించి, 1674లో చెరువు నీళ్లలో ఈదే జీవాలను చూశాడు. ఆయన మైక్రోస్కోప్‌లలో ఇప్పటికి మిగిలిన వాటిలో అన్నిటికన్నా మంచిది 270 రెట్ల దాకా చూపిస్తుంది.

ఆయన దగ్గర మైక్రాన్ స్కేలు లేదు. మరి ఎట్లా కొలిచాడు? ఇసుక రేణువు, పేను కన్ను, వెంట్రుక, ఇలాంటివి పక్కన పెట్టుకుని పోల్చుకున్నాడు. సన్న ఇసుక రేణువులో ఎర్ర రక్తకణాలు 25,000 పడతాయని అంచనా కట్టాడు. ఘనపరిమాణం కాబట్టి ఘనమూలం తీస్తే 29. రేణువు పావు మి.మీ. అనుకుంటే, 250ని 29తో భాగించి చూడండి: 8.6 మైక్రాన్లు. ఇప్పటి లెక్కకు ఒక మైక్రాన్ తేడా. ఇసుక రేణువుతో!

మగ్గం_పోచంపల్లి | మంగళవారం సాయంత్రం 4:02

బట్టలమ్మేటాయననా. మా పనోడే అన్నమాట. మా పిలగానికి చెప్త.

బయాలజీ_మేడమ్ | మంగళవారం సాయంత్రం 5:45

ఇదంతా బాగుంది గని నా ఉల్లిపొర అట్లనే ఉంది. బీరువాలది బయటికి తీసిన. ట్యూబు జారకుండ మా అటెండర్ లోపట రబ్బరు వాషర్ పెట్టిండు. అద్దం బదులు కింద టార్చి లైటు, దాని మీద పల్చటి తెల్ల కాగితం. మంచిగ కనిపిస్తుంది! ఐపీస్ 10, ఆబ్జెక్టివ్‌లు 4, 10, 40. దీంతోని గడి పొడవు ఎట్ల కొలవాలె? 40 ఆబ్జెక్టివ్ కింద స్టీలు స్కేలు పట్టదు, గుద్దుకుంటుంది.

పాలమూరు_ల్యాబ్ | మంగళవారం రాత్రి 8:20

మేడమ్, దీంట్ల మాత్రం డబ్బా అంకెను కొంత నమ్మొచ్చు. 10 ఐపీస్, 40 ఆబ్జెక్టివ్ అంటే 400. గని మీ పిల్ల అడిగినదానికి ఆ 400 అక్కర్లేదు.

ఐపీస్ పక్కన 10 తర్వాత గీత పెట్టి 18 అని ఉందా చూడండి. అది గుండ్రంగ కనిపించే వెలుగు వెడల్పు మి.మీ.లల్ల. దాన్ని ఆబ్జెక్టివ్ అంకెతో భాగించాలె. 4 పెడితే మీరు చూసే వృత్తం 4.5 మి.మీ., 10 పెడితే 1.8, 40 పెడితే 0.45. 4 కింద ప్లాస్టిక్ స్కేలు పెట్టి ఒకసారి సరిచూసుకోండి, నాలుగున్నర గడులు రావాలె. ఇగ 10 పెట్టి ఉల్లి గడులు ఈ అంచు నుంచి ఆ అంచుకు వరసల ఎన్ని పట్టినయో లెక్కపెట్టండి. ఆరు పడితే 1.8ని ఆరుతో భాగించుడే, 0.3 మి.మీ. అయిపాయె.

ఇంక మంచిగ కావాలంటే స్టేజీ మైక్రోమీటర్ అని స్లైడు దొరుకుతది, 1 మి.మీ.ను 100 భాగాలు చేసి చెక్కి ఉంటది, భాగానికి 10 మైక్రాన్లు. ఖరీదు మాత్రం బడికి మోయరాదు. దాని బదులు నేనొక ఉపాయం చెప్త, పుస్తకాలల్ల రాయరు. ఏ రక్తపరీక్ష ల్యాబ్‌కు పోయినా న్యూబార్ ఛాంబర్ ఉంటది, కణాలు లెక్కపెట్టే మందపాటి స్లైడు. నడుమ ఎర్ర కణాలు లెక్కించే చోట ఉన్న చిన్న గడి అడ్డం 50 మైక్రాన్లు, నిలువు 50 మైక్రాన్లు. పెద్ద గడి 1 మి.మీ. ఖచ్చితంగ చెక్కిన గీతలు. అంతకన్న మంచి స్కేలు ఏం కావాలె?

నా దగ్గర ఐపీస్‌ల పెట్టే గీతల అద్దం ఉంది, 100 గీతలు. 40 ఆబ్జెక్టివ్ పెట్టి న్యూబార్ చిన్న గడి మీద పోలిస్తే 20 గీతలు పట్టినయి. అంటే నా మైక్రోస్కోప్‌ల గీతకు 2.5 మైక్రాన్లు. 10 ఆబ్జెక్టివ్‌కు తిప్పితే అదే గడి 5 గీతలే, అంటే గీతకు 10 మైక్రాన్లు. ఆబ్జెక్టివ్ మారిస్తే ఆ లెక్క చెల్లదు, ఇది మా దగ్గర ట్రైనింగుకు వచ్చే పోరలు రోజూ మర్చిపోతరు. అదే గీతల మీద ఎర్ర కణం మూడు గీతలు, ఏడున్నర మైక్రాన్లు.

నిజం చెప్పాలంటే రోజువారీ పనిల ఆ గీతలు కూడ చూడం. స్లైడ్ మీద ఏదన్న కనిపిస్తే పక్కన ఎర్ర కణం ఉండనే ఉంటది, దానికి రెండింతలా, సగమా అని చూస్తం. ఎర్ర కణమే చిన్నగైందా అని అనుమానమొస్తే పక్కన చిన్న లింఫోసైట్ (తెల్ల రక్తకణంల ఒక రకం) కేంద్రకాన్ని చూస్తం. స్కేలు రోగి రక్తంలనే ఉంది.

దేవరకొండ_పత్తి | మంగళవారం రాత్రి 9:33

నాదొక డౌటు అన్నలు. మా తాన బోరు నీళ్లల ఫ్లోరైడ్ ఉందంటరు. మా నాయన మోకాళ్లు వంగినయి, తాతకు నడుమే వంగింది. ఇప్పుడు భగీరథ నీళ్లొస్తున్నయి గని పొలం కాడ బోరు నీళ్లే తాగుతం. ఒక చుక్క ఈ మైక్రోస్కోప్ కింద పెడితే ఫ్లోరైడ్ కనిపిస్తదా? మా బామ్మర్ది పెట్టి చూసిండట, చుక్క ఎండినంక సూదుల్లెక్క మెరిసిందట. అదే ఫ్లోరైడ్ అంటుండు.

రిటైర్డ్_ఫిజిక్స్ | మంగళవారం రాత్రి 10:10

నాయనా, అది ఫ్లోరైడ్ అని చెప్పడానికి వీల్లేదు. మన నేలలో ఏ బోరు నీళ్లు ఎండబెట్టినా కాల్షియం, సోడియం ఉప్పులు పలుకులు కడతాయి. ఫ్లోరైడ్ లేని నీళ్లు పెట్టినా సూదులు మెరుస్తాయి. సూదులు లేవని ఎవరైనా నీళ్లు తాగేస్తే, అదే అసలు ప్రమాదం.

నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్ ఒక అయాన్. అడ్డంగా 0.27 నానోమీటర్లు. మనం చూసే ఆకుపచ్చ వెలుగు తరంగమే 550 నానోమీటర్లు, అంటే దానికి రెండు వేల రెట్లు. చెరువులో అల లేచి వస్తుంటే దారిలో ఉన్న ఆవగింజ ఆ అలను ఆపుతుందా? అల దాన్ని పట్టించుకోకుండా పోతుంది. కాబట్టి ఎన్ని వేల ఎక్స్ పెట్టినా వెలుగుతో ఆ అయాన్ కనబడదు.

దాన్ని చూడటం కాదు, తూచినట్టు లెక్క కడతారు. నీళ్లలో రంగు మందు కలిపితే ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ రంగు వెలుస్తుంది, ఆ వెలిసిన మేర కొలుస్తారు. లేదా ఫ్లోరైడ్‌కే స్పందించే ఎలక్ట్రోడ్ ముంచుతారు. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది, దాన్ని ప్రపంచమంతా పుస్తకాల్లో "నల్గొండ టెక్నిక్" అనే రాస్తారు. ఇలాంటి దానికి మన జిల్లా పేరు పడింది చూడండి. పొలం బోరు నీళ్లు సీసాలో పట్టి నీటి పరీక్ష ల్యాబ్‌లో ఇవ్వు. అంతవరకు ఇంటి నుంచే నీళ్లు పట్టుకుపో.

దేవరకొండ_పత్తి | మంగళవారం రాత్రి 10:41

అయితే రేపే సీసా పట్కపోత సార్. ఇంకొకటి. పత్తి కొనే కాడ మైక్రోనేర్ 3.5 నుంచి 4.3 ఉండాలె అంటరు. అది మైక్రాన్లేనా? మీరు చెప్పే లెక్కల వెంట్రుక 70 ఉంటే పత్తి 4 మైక్రాన్లేనా అని.

పాలమూరు_ల్యాబ్ | మంగళవారం రాత్రి 10:55

పేరు చూసి నేనూ అట్లనే అనుకున్న ఒకప్పుడు. కాదన్నా. మైక్రోనేర్ ఒక తూకపు లెక్క, అంగుళం పోగుకు ఎన్ని మైక్రోగ్రాములు అని. నిర్ణీత తూకం దూదిని డబ్బాల కుక్కి గాలి ఊదుతరు, గాలి ఎంత సులువుగ పోయిందో చూస్తరు. సన్న పోగులుంటే గాలికి అడ్డం ఎక్కువ. ఒక్కొక్క పోగును ఎవరు కొలుస్తరు మార్కెట్ల? పత్తి పోగు అడ్డం కొలిస్తే 12 నుంచి 20 మైక్రాన్లు ఉంటది.

గద్వాల్_ఇంజనీర్ | బుధవారం ఉదయం 10:18

సార్, ఆవగింజ మాట దగ్గర ఆగిపోయిన. కాలేజీ మైక్రోస్కోప్‌ల 100 ఆబ్జెక్టివ్ ఉంది, ఐపీస్ 10 తీసి 20ది పెడితే 2000 అయితది కదా. అప్పుడు ఇంకా చిన్నవి కనబడవా?

రిటైర్డ్_ఫిజిక్స్ | బుధవారం ఉదయం 11:05

వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి గ్రూప్ ఫోటోను వేళ్లతో సాగదీస్తే ఏమవుతుంది? ముఖం పెద్దదవుతుంది, ముక్కు మీది మచ్చ మాత్రం కొత్తగా రాదు. నీ 2000 అదే.

రెండు చుక్కలు ఎంత దగ్గరగా ఉన్నా విడివిడిగా కనబడాలంటే దానికి ఒక హద్దు ఉందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబే 1873లో చెప్పాడు. తరంగం పొడవును, ఆబ్జెక్టివ్ మీద రాసి ఉండే రెండో అంకెకు రెండింతలతో భాగించాలి. ఎవరూ చదవని అంకె అది! 40 పక్కన 0.65 అని, 100 పక్కన 1.25 అని ఉంటుంది చూడు. 550ని రెండున్నరతో భాగిస్తే 220 నానోమీటర్లు, అంటే 0.22 మైక్రాన్. 40 దానికి 0.42 మైక్రాన్. నీ ఐపీస్ మార్చినంత మాత్రాన ఈ లెక్కలో ఏ అంకె మారిందో చెప్పు. ఆ రెండో అంకెకు వెయ్యి రెట్ల దాకానే పెంచితే ప్రయోజనం, 1.25 ఉంటే 1250. ఆపైన ఖాళీ పెద్దదనం.

పాలమూరు_ల్యాబ్ | బుధవారం మధ్యాహ్నం 12:50

ఆ 1.25 కూడ నూనె వేస్తేనే వస్తది తమ్మీ. గాలి ఉంటే 1 దాటదు. నూనె గాజు లెక్కనే వెలుగును వంచుతది కాబట్టి గాజు నుంచి లెన్సుకు వెలుగు చెదరకుండ పోతది. నేను కొత్తగ చేరిన చోట ఇమ్మర్షన్ ఆయిల్ అయిపోయిందని ఒకాయన కొబ్బరి నూనె చుక్క వేసిండు. బొమ్మ మసక, అది సరే. చలికాలం పొద్దున వచ్చి చూస్తే లెన్సు మీద గడ్డకట్టి కూర్చుంది. నూనె చుక్క ఉండంగనే 40 తిప్పుడు ఇంకో రోగం, 40 మూతి పోయి నూనెల మునుగుతది. ఆ తర్వాత వారం రోజులు "ఈ లెన్సు బాగలేదు" అని తిడతరు.

టీబీ క్రిమి పొడవు 2 నుంచి 4 మైక్రాన్లు, మందం అర మైక్రాన్ గూడ ఉండదు. సార్ చెప్పిన హద్దు మీదనే నడుస్తది. నీలం నేల మీద ఎర్ర రంగు పట్టిస్తం కాబట్టి చిక్కుతది. కరోనా వైరస్ 0.1 మైక్రాన్, మా మైక్రోస్కోప్‌కు అందదు. దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలె.

మేడమ్, మీ రబ్బరు వాషర్ చదివి, మలేరియా దోమతోనే వస్తదని పట్టుకున్న రోనాల్డ్ రాస్ మతికొచ్చిండు. బేగంపేటల ఆయన పనిచేసిన బంగళా ఇప్పటికీ ఉంది, నేను పోయి చూసిన. 1897 ఆగస్టు ఎండ, ఉక్కపోత. చెమటకు మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టినయి, మిగిలిన ఒక్క ఐపీస్ కూడ పగుళ్లిచ్చింది. ఆయనే రాసుకున్నడు. ఆగస్టు 20 నాడు దోమ కడుపు గోడ మీద గుండ్రటి కణం ఒకటి కనిపించింది. కొలత 12 మైక్రాన్లు. దోమ కడుపు కణాలు అంతకన్న పెద్దగ ఉంటయి, ఈ అంచు మరీ పదునుగ ఉంది, లోపట మలేరియా నల్ల రంగు రేణువులు. ఇది దోమది కాదు, లోపలికొచ్చిన పరాయిది అని అక్కడ పట్టుకున్నడు. అంతకుముందు ఆయన కోసిన దోమలకు లెక్కే లేదు.

బయాలజీ_మేడమ్ | శుక్రవారం సాయంత్రం 6:15

ఫలితాలు పెడుతున్న. 10 ఆబ్జెక్టివ్‌ల ఉల్లి గడులు ఒక వరసల ఆరు, ఇంకో వరసల ఐదు, మరో చోట ఏడుకు కొంచెం తక్కువ పట్టినయి. ఏది రాయాలె అని పిల్లలు కొట్లాడుకున్నరు. అన్నీ రాయమన్న. ప్రశ్న అడిగిన పిల్ల నోట్సుల "పావు మి.మీ. నుంచి 0.36 దాకా, అన్నీ ఒకటే పొడుగు లేవు" అని రాసుకుంది.

వెంట్రుకలైతే క్లాసుల 28 మందివి కొలిచినం. అందరికన్న సన్నం 54, అందరికన్న లావు 96. లావుది ఆ వెనుక బెంచీ వాడిదే, ఇగ వాణ్ణి పట్టుకునేటోళ్లు లేరు. ఒకడు ఇంట్ల నుంచి మేక వెంట్రుక తెచ్చిండు, సోమవారానికి పెట్టినం.

రిటైర్డ్_ఫిజిక్స్ | శుక్రవారం సాయంత్రం 6:52

96 వచ్చిన వాడిది ఒకే చోట కొలిచారా? వెంట్రుక పూర్తి గుండ్రంగా ఉండదు. కొంచెం తిప్పి మళ్లీ కొలవమనండి, తగ్గవచ్చు.

పాలమూరు_ల్యాబ్ | శుక్రవారం రాత్రి 9:05

మేడమ్, వచ్చే శనివారం మిర్యాలగూడ దిక్కు వస్తున్న, మా బంధువుల పెళ్లి. మా ల్యాబుల పాత న్యూబార్ ఒకటి పక్కన పడేసినం. మూల పెచ్చు లేచింది గని నడుమ గీతలు మంచిగున్నయి. మా సార్‌ను అడిగిన, బడికి ఇచ్చేయమన్నడు.

బయాలజీ_మేడమ్ | శుక్రవారం రాత్రి 9:20

తమ్ముడూ చాలా సంతోషం. దాని మీద వేసే మందపాటి కవర్‌స్లిప్ కూడ ఉంటే పట్టుకరా, మా దగ్గర సన్నవే ఉన్నయి. బడి శనివారం సాయంత్రం నాలుగున్నర దాకా ఉంటది. పెళ్లి భోజనం అయినంకనే రా, తొందర లేదు.